వయోలా డేవిస్: ఒకే పాత్రకు నాటకంలో ఉత్తమ నటి, సినిమాలో ఉత్తమ సహాయ నటి ఎలా అయ్యారు?

'ఫెన్సెస్' నాటకంలో రోజ్ మాక్సన్ పాత్రకు అమెరికా నటి వయోలా డేవిస్ 2010 జూన్‌లో టోనీ అవార్డు అందుకున్నారు. అమెరికా నాటకరంగంలో ఇది సినిమాలకు ఆస్కార్ లాంటిది. అది ఉత్తమ నటి విభాగం. కొన్నేళ్లకు ఆ నాటకమే సినిమాగా వచ్చింది. పాత్ర అదే, మాటలు దాదాపు అవే, భర్తగా నటించింది కూడా అప్పటి డెంజెల్ వాషింగ్టనే. 2017 ఫిబ్రవరిలో ఆ పాత్రకే ఆస్కార్ వచ్చింది. ఈసారి మాత్రం ఉత్తమ సహాయ నటి విభాగంలో.

ఏడేళ్లలో పాత్ర చిన్నదైందా? కాలేదు. మారింది అవార్డుల లెక్క. ఆ లెక్క ఎలా నడుస్తుందో తెలిస్తే, అమెరికాలో నాటకం, సినిమా, టీవీ ఒకే నటిని మూడు రకాలుగా ఎందుకు చూశాయో కూడా తెలుస్తుంది.

క్లుప్తంగా

అవార్డు విభాగం పాత్ర నిడివిని బట్టి మాత్రమే ఖరారు కాదు. రంగస్థలంలో ప్రకటన మీద పేరు వేసే చోటు, సినిమాలో స్టూడియో చేసే ప్రచారం కూడా పనిచేస్తాయి. డేవిస్ ప్రతిభను న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల ప్రాంతం బ్రాడ్వే 1996లోనే గుర్తించింది. పెద్ద సినిమాలో ప్రధాన పాత్ర దక్కడానికి మాత్రం 2011 దాకా ఆగాల్సి వచ్చింది. ఇందులో నటనలో లోటేమీ లేదు. ఆమెలాంటి నటి కోసం రాసిన పాత్రలు ఒకచోట ఉన్నాయి, ఇంకోచోట లేవు.

విభాగం ఎవరు ఖరారు చేస్తారు?

టోనీ అవార్డుల్లో పాత ఆనవాయితీ ఒకటుంది. నాటకం పేరుకు పైన ఎవరి పేరు వేస్తే వారు ప్రధాన నటులు, కింద వేస్తే సహాయ నటులు. ఇది నిర్మాత, నటుల ఏజెంట్లు ఒప్పందం రాసుకునేటప్పుడే తేలిపోయే విషయం. అవసరమనుకుంటే అవార్డుల నిర్వహణ కమిటీ దాన్ని మార్చవచ్చు. అందుకే ఒకే పాత్ర ఒక్కో ప్రదర్శనలో ఒక్కో విభాగంలోకి వెళ్తుంటుంది. రోజ్ పాత్రే దీనికి మంచి ఉదాహరణ. 'ఫెన్సెస్' మొదటిసారి బ్రాడ్వేకు వచ్చిన 1987లో రోజ్‌గా నటించిన మేరీ ఆలిస్‌కు సహాయ నటి విభాగంలో టోనీ వచ్చింది. 2010లో డేవిస్‌కు వచ్చింది ప్రధాన నటి విభాగంలో.

ఆస్కార్ పద్ధతి వేరు. ఇక్కడ నటుల శాఖ సభ్యులు తమ ఓటును ప్రధాన విభాగంలో వేసుకోవచ్చు, సహాయ విభాగంలోనూ వేసుకోవచ్చు. రెండుచోట్లా ఓట్లు పడితే ఎక్కడ ముందుగా కావాల్సిన సంఖ్య చేరుతుందో అక్కడ నామినేషన్ ఖాయమవుతుంది. కానీ ఓట్లు చీలిపోతే మొదటికే మోసం. అందువల్ల స్టూడియోలు ముందే ఒక విభాగాన్ని ఎంచుకుని, ప్రకటనల్లో, ప్రత్యేక ప్రదర్శనల్లో దాన్నే పదేపదే చెబుతాయి. ఓటర్లు సాధారణంగా ఆ సూచన ప్రకారమే నడుచుకుంటారు. అలాగని ప్రతిసారీ కాదు. 2009 ఆస్కార్లలో 'ది రీడర్' సినిమాకు కేట్ విన్స్‌లెట్‌ను సహాయ నటిగా ప్రచారం చేస్తే, ఓటర్లు ఆమెను ప్రధాన విభాగంలో నిలబెట్టి గెలిపించారు.

'ఫెన్సెస్' విషయంలో ఓటర్లు ప్రచారం వెంటే వెళ్లారు. ఆ ఏడాది ప్రధాన విభాగంలో ఎమ్మా స్టోన్, ఇజబెల్ హుపేర్, నటాలీ పోర్ట్‌మన్, మెరిల్ స్ట్రీప్, రూత్ నెగ్గా ఉన్నారు. గట్టి పోటీ. సహాయ విభాగంలో డేవిస్ గెలుపు దాదాపు ఖాయమని మొదటి నుంచీ అంచనాలున్నాయి. వ్యూహంగా చూస్తే తప్పు పట్టడానికి లేదు. దానికి చెల్లించిన ధర మాత్రం చిన్నది కాదు. ఆస్కార్ చరిత్రలో ఉత్తమ నటిగా గెలిచిన నల్లజాతి నటి ఇప్పటికీ హాలీ బెర్రీ ఒక్కరే, అదీ 2002లో. రోజ్ పాత్ర ఆ లెక్కను మార్చగల స్థాయిదే.

పేదరికం నుంచి జూలియార్డ్ దాకా

డేవిస్ 1965 ఆగస్టు 11న సౌత్ కరోలినాలో, ఒకప్పుడు బానిసలు పనిచేసిన తోట భూమిలో ఉన్న అమ్మమ్మ ఇంట్లో పుట్టారు. పసితనంలోనే కుటుంబం రోడ్ ఐలండ్‌లోని సెంట్రల్ ఫాల్స్ అనే చిన్న ఊరికి మారింది. అక్కడ ఎలుకలు తిరిగే శిథిల భవనంలో, పూట గడవని స్థితిలో గడిచిన బాల్యం గురించి ఆమె తన ఆత్మకథలో దాపరికం లేకుండా రాశారు. చిన్నప్పుడు టీవీలో నల్లజాతి నటి సిసిలీ టైసన్ నటన చూశాకే తానూ నటి కాగలనని అనిపించిందని ఎన్నోసార్లు చెప్పారు.

రోడ్ ఐలండ్ కాలేజీలో 1988లో నాటకరంగ పట్టా, ఆ తర్వాత న్యూయార్క్‌లోని జూలియార్డ్‌లో నాలుగేళ్ల శిక్షణ, 1993లో బయటికి. జూలియార్డ్ ప్రపంచ ప్రసిద్ధ సంస్థే కానీ, అప్పటి పాఠాల్లో ఎక్కువ భాగం యూరప్ నాటకాలు. ఉచ్చారణ, హావభావాలు, నడక అన్నీ ఆ కొలతల్లోనే. తన నేపథ్యాన్ని పక్కన పెడితే తప్ప అక్కడ ఇమడలేనన్న ఉక్కిరిబిక్కిరి ఆమెకు ఉండేది. ఆ నాలుగేళ్ల మధ్యలో గాంబియాకు చేసిన ప్రయాణం తన కళ్లు తెరిపించిందని ఆమె అంటారు.

విల్సన్ నాటకాలు ఏం ఇచ్చాయి?

డేవిస్ కెరీర్‌కు వెన్నెముక 'ఫెన్సెస్' రాసిన ఆగస్ట్ విల్సన్. 1945లో పిట్స్‌బర్గ్‌లో పుట్టి 2005లో కన్నుమూసిన ఈ నాటకకర్త, ఇరవయ్యో శతాబ్దంలోని ఒక్కో దశాబ్దానికి ఒక్కటి చొప్పున పది నాటకాలు రాశారు. ఒక్కటి తప్ప అన్నీ పిట్స్‌బర్గ్‌లోని హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లజాతి పేటలో జరిగేవే. చెత్త ఎత్తే కార్మికులు, టాక్సీ డ్రైవర్లు, గిటార్ వాయించేవాళ్లు, వంటింట్లో నిలబడి ఇల్లు నడిపే ఆడవాళ్లు ఆ నాటకాల్లో నిండుగా ఉంటారు. వాళ్లకు పేజీలకు పేజీలు మాటలుంటాయి.

ఇది నటులకు ఎంత ముఖ్యమో తెలియాలంటే 1990ల హాలీవుడ్‌తో పోల్చి చూడాలి. డేవిస్ వయసు, రంగు ఉన్న నటికి అప్పట్లో సినిమాలు ఇచ్చినవి ఎక్కువగా నర్సు, పోలీసు, డాక్టరు, సోషల్ వర్కరు వేషాలు. ఒకటి రెండు సీన్లు, కథానాయకుడికి ఒక సమాచారం చెప్పి వెళ్లిపోయే పని. 1998లో 'అవుట్ ఆఫ్ సైట్', 2000లో 'ట్రాఫిక్', 2002లో 'సొలారిస్' లాంటి పేరున్న సినిమాల్లో ఆమె కనిపించారు. కానీ కథ ఆమె చుట్టూ తిరగలేదు.

అదే సమయంలో వేదిక మీద ఆమె పరిస్థితి పూర్తిగా వేరు. 1996లో విల్సన్ రాసిన 'సెవెన్ గిటార్స్'తో బ్రాడ్వేలో అడుగుపెట్టారు. 1948 నాటి కథ. తనను వదిలేసి ఇంకొకామెతో షికాగో వెళ్లి, మళ్లీ తిరిగొచ్చి రమ్మంటున్న గిటార్ కళాకారుడిని నమ్మాలా వద్దా అని సతమతమయ్యే వీరా పాత్ర ఆమెది. తొలి బ్రాడ్వే నాటకంతోనే టోనీ నామినేషన్ వచ్చింది.

2001లో 'కింగ్ హెడ్లీ ది సెకండ్' ఆమెకు మొదటి టోనీ తెచ్చింది. ఇది 1985లో జరుగుతుంది. ఆమె వేసిన టోన్యా పాత్రకు ముప్పై ఐదేళ్లు. పదిహేడేళ్ల కూతురు అప్పటికే గర్భవతి. ఇప్పుడు తనకూ కడుపు పండింది. భర్తకు బిడ్డ కావాలి, టోన్యాకు వద్దు. వీధుల్లో తుపాకులకు బలయ్యే మరో ప్రాణాన్ని కని పెంచలేనని ఆమె భర్త ముఖం మీదే చెప్పే సుదీర్ఘమైన సంభాషణ ఆ నాటకానికే కీలకం. ఒక నటి తన శక్తినంతా పెట్టి చెప్పడానికి అంత పెద్ద మాట, అంత చిక్కు ఉన్న పాత్ర ఆ ఏడాది ఏ హాలీవుడ్ స్టూడియో కూడా ఆమె చేతికి ఇవ్వలేదు.

మరో నాటకకర్త లిన్ నాటేజ్ రాసిన 'ఇంటిమేట్ అపారెల్'లో 2004లో కుట్టుపని చేసే ఎస్తర్‌గా నటించి న్యూయార్క్ నాటకాలకిచ్చే ఓబీ, డ్రామా డెస్క్ అవార్డులు రెండూ తీసుకున్నారు. అంటే నలభై ఏళ్లు నిండకముందే న్యూయార్క్ నాటకరంగంలో ఆమె మొదటి వరుస నటి. సినిమా ప్రేక్షకుల్లో చాలామందికి అప్పటికి ఆమె పేరు కూడా తెలియదు. నాటకానికున్న పెద్ద పరిమితి ఇదే. ఎంత గొప్పగా నటించినా ఆ రాత్రి ఆ హాల్లో కూర్చున్న వెయ్యి మందికే చేరుతుంది. కొన్ని బ్రాడ్వే నాటకాలను న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ రికార్డు చేసి భద్రపరుస్తుంది గానీ, అవి మార్కెట్లో దొరకవు.

ఒకే ఒక్క సీను, ఆస్కార్ నామినేషన్

2008లో వచ్చిన 'డౌట్' ఆ అడ్డుగోడను దాటించింది. ఇది కూడా నాటకం నుంచి వచ్చిందే. రాసిన జాన్ పాట్రిక్ షాన్లీయే సినిమాకు దర్శకుడు. 1964లో న్యూయార్క్‌లోని ఒక కేథలిక్ బడి. అక్కడ చదివే ఏకైక నల్లజాతి బాలుడి మీద ఫాదర్ కన్ను పడిందని ప్రిన్సిపాల్‌గా ఉన్న సిస్టర్ అనుమానం. ఆ బాలుడి తల్లి మిసెస్ మిల్లర్‌గా డేవిస్ కనిపించేది ఎనిమిది నిమిషాలకు అటూ ఇటూగా మాత్రమే. ఎదురుగా ఉన్నది మెరిల్ స్ట్రీప్.

సీను ఎలా నడుస్తుందో చూస్తే వేదిక శిక్షణ ఎక్కడ అక్కరకొచ్చిందో తెలుస్తుంది. మొదట తల్లి ఎంతో అణకువగా, పెద్దింటికి వచ్చిన మనిషిలా మాట్లాడుతుంది. సిస్టర్ ఒక్కో ప్రశ్న వేస్తున్నకొద్దీ ఆ అణకువ కరుగుతూ పోతుంది. బయట చలిలో ఇద్దరూ నడుస్తుండగా అసలు మాట బయటపడుతుంది. కొడుకు స్వభావం నచ్చక ఇంట్లో తండ్రి కొడుతున్నాడు, పాత బడిలో పిల్లలు చంపేలా ఉన్నారు, ఈ ఒక్క మనిషి వాడితో దయగా ఉన్నాడు. జూన్‌లో చదువు పూర్తయ్యేదాకా వదిలేయమని ఆ తల్లి అడుగుతుంది. ప్రేక్షకుడు ఒప్పుకోలేని కోరిక అది. కాదనలేని కోరిక కూడా. కళ్లతో పాటు ముక్కు కూడా కారుతుంటే డేవిస్ తుడుచుకోవడానికి తొందరపడరు. ముఖాన్ని అందంగా ఉంచుకోవాలన్న సినిమా అలవాటు అక్కడ లేదు.

బ్రాడ్వేలో వారానికి ఎనిమిది ప్రదర్శనలు. కట్ చెప్పేవారుండరు, రెండో టేక్ ఉండదు. పాత్రను మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఒక్క ఊపున మోయాలి. సినిమాలో దీనికి పూర్తి విరుద్ధం. ముక్కలు ముక్కలుగా, వరుస లేకుండా తీస్తారు. గొంతు వెనక సీటు దాకా వినిపించాల్సిన పని లేదు, కెమెరా కంటి రెప్ప కదలికను కూడా పట్టుకుంటుంది. వేదిక నటులు తెర మీదికి వచ్చినప్పుడు తరచూ అతి చేస్తున్నట్టు కనిపించేది ఇందుకే. డేవిస్ గొంతును తగ్గించుకున్నారు, పాత్రను మొత్తంగా మోసే అలవాటును మాత్రం వదల్లేదు. ఎనిమిది నిమిషాల్లో ఒక తల్లి జీవితమంతా కనిపించడం వెనక ఉన్నది ఆ అలవాటే. నాటకంలో ఇదే పాత్రకు ఏడ్రియన్ లెనాక్స్‌కు 2005లో టోనీ వచ్చింది కాబట్టి, పాత్ర రాతలోనే బలం ఉందన్నది కూడా నిజం.

స్ట్రీప్‌కు నాలుగేళ్లు, డేవిస్‌కు ఇరవై ఒకటి

ఆ సీనులో ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరి దారులను పోల్చడం ఉపయోగకరం. ఇద్దరూ పెద్ద నాటక విద్యాలయాల్లో చదివినవారే, ఇద్దరూ బ్రాడ్వే నుంచే వచ్చారు. స్ట్రీప్‌కు 1976లో టోనీ నామినేషన్, 1980లో తొలి ఆస్కార్. మధ్యలో నాలుగేళ్లు. డేవిస్‌కు 1996లో టోనీ నామినేషన్, 2017లో ఆస్కార్. మధ్యలో ఇరవై ఒక్క ఏళ్లు, రెండు టోనీలు. స్ట్రీప్ ప్రతిభను తక్కువ చేయడానికి కాదు ఈ పోలిక. 1970ల చివర హాలీవుడ్‌లో తెల్లజాతి యువతుల చుట్టూ తిరిగే గంభీరమైన కథలు వరుసగా తయారవుతున్నాయి. ముదురు చర్మం ఉన్న, నలభై దాటిన నల్లజాతి స్త్రీ చుట్టూ తిరిగే కథలు 2010 నాటికి కూడా వేళ్ల మీద లెక్కపెట్టేంతే.

2011లో 'ది హెల్ప్' వచ్చింది. 1960ల మిసిసిపీలో తెల్లవారి ఇళ్లలో పనిచేసే ఎయిబిలీన్ పాత్ర. సుమారు 2.5 కోట్ల డాలర్లతో తీసిన ఈ సినిమా ప్రపంచవ్యాప్తంగా 20 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. డేవిస్‌కు ఉత్తమ నటి నామినేషన్ వచ్చింది, అవార్డు మాత్రం స్ట్రీప్‌కే వెళ్లింది. తర్వాత 2018లో ఆమె ఈ సినిమా గురించి అసంతృప్తి బయటపెట్టారు. సహ నటులంటే, దర్శకుడంటే అభిమానమే, కానీ చివరికి వినిపించింది పనిమనుషుల గొంతు కాదన్నది ఆమె ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో బలముంది. కథను నడిపేది వాళ్ల అనుభవాలను పుస్తకంగా రాసే తెల్లజాతి అమ్మాయి.

టీవీ ఎందుకు ముందు తలుపు తీసింది?

'ది హెల్ప్' అంత హిట్టయ్యాక కూడా ప్రధాన పాత్రలు వరుస కట్టలేదు. ఆ ఖాళీని పూరించింది ఏబీసీ చానెల్. నల్లజాతి నటులున్న సినిమాలు విదేశాల్లో అమ్ముడుపోవన్న వాదన హాలీవుడ్‌లో చాలాకాలం చెలామణి అయింది. అమెరికా టీవీ చానెల్‌కు ఆ బెంగ తక్కువ. దానికి కావాల్సింది వారం వారం ఇంట్లో టీవీ ముందు కూర్చునే ప్రేక్షకులు. నిర్మాత షోండా రైమ్స్ 2012లో కెర్రీ వాషింగ్టన్‌తో 'స్కాండల్' తీసి, నల్లజాతి స్త్రీ ప్రధాన పాత్రగా ఉన్న సీరియల్‌కు కూడా అలాంటి ప్రేక్షకులు ఉన్నారని చూపించారు. 2014లో అదే సంస్థ నుంచి 'హౌ టు గెట్ అవే విత్ మర్డర్' వచ్చింది. లా ప్రొఫెసర్ అనలీస్ కీటింగ్‌గా డేవిస్. వయసు అప్పటికి నలభై తొమ్మిది.

ఆమె రెండు షరతులు గమనించదగ్గవి. ఒకటి, సీజన్‌కు పదిహేను ఎపిసోడ్లే. చానెల్ డ్రామాలకు మామూలుగా ఇరవై రెండు దాకా ఉంటాయి. తక్కువ ఎపిసోడ్లంటే ఏడాదిలో సినిమాలకు సమయం మిగులుతుంది. రెండోది, అనలీస్ రాత్రి పడుకునే ముందు విగ్గు తీసేసి, మేకప్ తుడుచుకుని కనిపించాలి. మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్‌లో ఆ సీను వచ్చింది. అద్దం ముందు కూర్చుని నగలు, విగ్గు, అతికించిన కనురెప్ప వెంట్రుకలు ఒక్కొక్కటిగా తీసేస్తుంది. మాటల్లేవు. అమెరికా టీవీలో నల్లజాతి కథానాయిక సహజమైన జుట్టుతో, మేకప్ లేని ముఖంతో అలా కనిపించడం అప్పటికి చాలా అరుదు.

2015 సెప్టెంబర్‌లో డ్రామా సీరియల్ ఉత్తమ నటిగా అమెరికా టీవీ అవార్డు ఎమ్మీ గెలిచిన తొలి నల్లజాతి మహిళ అయ్యారు. ఆ వేదిక మీద ఆమె చెప్పిన దాని సారాంశం: నల్లజాతి స్త్రీలను మిగతావారి నుంచి వేరు చేసేది అవకాశం ఒక్కటే, అసలు లేని పాత్రలకు ఎమ్మీలు గెలవలేం. ఆమె కెరీర్ మొత్తాన్ని ఇంత సూటిగా వివరించే మాట విమర్శకులెవరూ రాయలేదు.

రోజ్ ఎందుకంత పండింది?

'ఫెన్సెస్' సినిమా 2016 డిసెంబర్‌లో వచ్చింది. విల్సన్ చనిపోకముందే స్క్రీన్‌ప్లే రాసి పెట్టారు. నల్లజాతి దర్శకుడే తీయాలని ఆయన పట్టుబట్టడంతో సినిమా ఏళ్ల తరబడి ఆగింది. చివరికి డెంజెల్ వాషింగ్టనే దర్శకత్వం వహించారు. 2010 నాటకంలోని ముఖ్య నటుల్లో ఎక్కువమందిని అలాగే తీసుకున్నారు. వేదిక మీద దాదాపు మూడు నెలలు ఆడిన నాటకం అది. అంటే కెమెరా ముందుకు వచ్చేసరికే డేవిస్ రోజ్‌గా అన్ని రాత్రులు బతికి ఉన్నారు. సినిమా నటులకు ఇలాంటి వెసులుబాటు దాదాపు దొరకదు.

పద్దెనిమిదేళ్ల కాపురం తర్వాత, ఇంకొక స్త్రీ తన బిడ్డకు తల్లి కాబోతోందని భర్త ట్రాయ్ పెరట్లో నిలబడి చెప్పే సీను అందరూ గుర్తుపెట్టుకున్నది. తనకు బతుకులో ఊపిరాడలేదని అతను వాపోతాడు. నేనూ ఇక్కడే నిలబడ్డాను కదా, నాకూ కలలు లేవా అని రోజ్ ఎదురు తిరుగుతుంది. నాటకంలో ఇది హాలంతా అదిరేలా చెప్పే మాట. సినిమాలోనూ గొంతు అంతే పైకి లేస్తుంది, కానీ కెమెరా ముఖానికి అతి దగ్గరగా ఉంటుంది. వేదికలోని తీవ్రత, తెరలోని సన్నిహితత్వం ఒకేచోట కలిసిన సందర్భం ఇది.

ఈగాట్: నాలుగు అవార్డుల లెక్క

ఆస్కార్, ఎమ్మీ, టోనీ మూడూ నటనకే పోటీలో గెలిచిన తొలి నల్లజాతి నటి డేవిస్. గౌరవ పురస్కారాలు ఇందులో లెక్కకు రావు. డేవిస్‌కు స్ఫూర్తి అయిన సిసిలీ టైసన్‌కు ఎమ్మీలు, టోనీ ఉన్నా, 2018లో దక్కింది గౌరవ ఆస్కార్ కాబట్టి ఈ జాబితాలో లేరు.

2023 ఫిబ్రవరిలో సంగీతానికి పేరొందిన గ్రామీ అవార్డు కూడా చేరడంతో నాలుగూ పూర్తయ్యాయి. ఎమ్మీ, గ్రామీ, ఆస్కార్, టోనీల ఇంగ్లిష్ మొదటి అక్షరాలు కలిపి దీన్నే ఈగాట్ అంటారు. నటికి గ్రామీ ఏమిటని చాలామందికి సందేహం వచ్చింది. గ్రామీల్లో ఆడియో పుస్తకాలకు ఒక విభాగం ఉంది. తన ఆత్మకథ 'ఫైండింగ్ మీ'ని స్వయంగా చదివినందుకు వచ్చిందది.

ఇకపై ఏం మారవచ్చు?

పాత్రలు లేకపోతే తయారు చేసుకోవాలన్న ఆలోచనతో భర్త జూలియస్ టెనన్‌తో కలిసి డేవిస్ జూవీ ప్రొడక్షన్స్ స్థాపించారు. ఆ సంస్థ భాగస్వామిగా 2022లో వచ్చిన 'ది వుమన్ కింగ్', ఇప్పటి బెనిన్‌లో ఒకప్పుడున్న డహోమీ రాజ్యపు మహిళా సైన్యం కథ. బానిస వ్యాపారంలో ఆ రాజ్యం పాత్రను సినిమా తేలిక చేసిందన్న విమర్శ వచ్చింది. సుమారు 5 కోట్ల డాలర్ల బడ్జెట్‌కు దాదాపు 9.7 కోట్ల వసూళ్లు. థియేటర్ల వాటా పోతే ఇది బ్రహ్మాండమైన లాభం కాదు, పాత వాదనను నిజం చేసేంత నష్టమూ కాదు. 2023 జనవరిలో 'నాటు నాటు' కోసం తెలుగువాళ్లు ఎదురుచూసిన అదే ఆస్కార్ నామినేషన్ల జాబితాలో ఈ సినిమాకు ఒక్క చోటూ దక్కలేదు.

విల్సన్ నాటకాలను తెర మీదికి తెచ్చే పనిని డెంజెల్ వాషింగ్టన్ నెత్తిన వేసుకున్నారు. 'ఫెన్సెస్' తర్వాత 2020లో 'మా రేనీస్ బ్లాక్ బాటమ్' వచ్చి డేవిస్‌కు నాలుగో ఆస్కార్ నామినేషన్ తెచ్చింది. 2024లో 'ది పియానో లెసన్' వచ్చింది, అందులో ప్రధాన స్త్రీ పాత్ర డేనియల్ డెడ్‌వైలర్‌ది. డేవిస్ వేదిక మీద చేసిన 'సెవెన్ గిటార్స్', 'కింగ్ హెడ్లీ ది సెకండ్' ఈ వరుసలో ఇంకా సినిమాలు కాలేదు. అవి తెర మీదికి వచ్చేటప్పటికి వీరా, టోన్యా పాత్రలకు ఆమె వయసు దాటిపోయి ఉంటుంది. ఇరవై ఏళ్ల క్రితం హాలీవుడ్ ఆమెకు ఇవ్వని ఆ రెండు పాత్రలు ఈ తరం నటులకు దక్కుతాయి.